పన్నెండింటిలో లేని పదమూడవది

సర్కారు బడులు ఎందుకు ఖాళీ అవుతున్నాయన్న ప్రశ్నకు పత్రికలలోను, మిత్రుల టపాలలోను రెండే సమాధానాలు కనిపిస్తున్నాయి. జనానికి ఆంగ్లమాధ్యమం మీద మోజు పెరిగిందన్నది ఒకటి. పంతుళ్ళు జీతాలు తీసుకుని పాఠాలు చెప్పరన్నది రెండవది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో తెలుగు పండితుడిగా మూడు దశాబ్దాలు పనిచేసి, ఇప్పుడు తిరుమలగిరిలో విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ రెండు సమాధానాలలోను సగమే నిజమున్నదని నా వాదం. మిత్రులలో కొందరికి ఆగ్రహం కలిగితే కలగనీయండి.

తెలియనివారి కోసం చెబుతాను. సూర్యాపేట నుండి జనగామ పోయే దారిలో ఉన్న మండల కేంద్రం తిరుమలగిరి. దగ్గరలోనే ఫణిగిరి గుట్ట. ఒకప్పుడు అక్కడ బౌద్ధ విహారాలు విలసిల్లాయి. ఉదయం ఏడున్నర దాటితే ఈ దారి మీద పసుపుపచ్చని బస్సులదే రాజ్యం. తండాల దాకా, ఊరి చివరి ఇంటి దాకా పోయి పిల్లలను ఎక్కించుకుంటాయి. కూలికి పోయే తల్లి కూడా ఆ బస్సు రుసుము కడుతున్నది. అటువంటి తల్లినే ఒకరోజు అడిగాను, ఊళ్ళో బడి ఉండగా ఇంత ఖర్చు ఎందుకమ్మా అని. ఆమె ఆంగ్లం మాట ఎత్తనేలేదు. "ఆడ క్లాసుకో టీచరమ్మ ఉంటది సారూ. ఈడ అన్ని క్లాసులకు కలిపి ఒక్క సారే. మా పోరడు పొద్దంతా ఉత్తగనే కూసుంటడు" అన్నది.

విద్యావేత్తలు పెద్ద పెద్ద నివేదికలలో దాటవేసే సంగతిని ఆమె మూడు వాక్యాలలో చెప్పింది. ప్రైవేటు బడిలో ఆ టీచరమ్మకు శిక్షణ ఉన్నదో లేదో, ఆమె జీతం ఎంత అల్పమో ఈ తల్లికి అక్కరలేదు. తన బిడ్డ కూర్చున్న గదిలో ఒక పెద్ద మనిషి ఉంటుంది. అంతే.

లెక్క కట్టి చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒకటి నుండి అయిదవ తరగతి వరకు సంవత్సరానికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు నాలుగు గంటలు. ఒకే ఉపాధ్యాయుడు అయిదు తరగతులు చూసే బడిలో ఒక్కొక్క తరగతికి రోజుకు దక్కేది 48 నిమిషాలు. తెలుగు, గణితం, ఆంగ్లం, పరిసరాల విజ్ఞానం అన్నీ అందులోనే. మిగిలిన మూడు గంటల పన్నెండు నిమిషాలు ఆ తరగతికి గురువు లేడు. పిల్లలు ఇరవైమందే కదా, ఒక్కొక్కరి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టవచ్చు కదా అని వాదించే అధికారులను చూశాను. ఆరేళ్ళ పసివాణ్ణి పలక ఇచ్చి మూడు గంటలు కూర్చోబెట్టి చూడండి, ఆ తరువాత మాట్లాడదాం.

ఇంకో చిత్రం గమనించండి. ఆ చట్టమే పిల్లలు అరవైమంది వరకు ఉంటే ఇద్దరు ఉపాధ్యాయులు చాలునంటుంది. 61 నుండి 90 వరకు ముగ్గురు. తలలు లెక్కపెట్టిన చట్టం తరగతులు లెక్కపెట్టలేదు. యాభై అయిదుమంది పిల్లలున్న బడిలోనూ తరగతులు అయిదే, పాఠ్యప్రణాళికలు అయిదే. వాటి మధ్య ఇద్దరు గురువులు. ఒకరు సెలవు పెట్టినా, మండల కార్యాలయానికి పోయినా, శిక్షణకు పోయినా మిగిలేది ఒక్కరే.

నేను ఉన్నత పాఠశాలలో పనిచేసినవాణ్ణి. ఆరవ తరగతిలో నా ఎదుటికి వచ్చిన పిల్లలలో ఒత్తులు చదవలేనివారు ప్రతి ఏడూ ఉండేవారు. "రాష్ట్రం" అన్న మాట దగ్గర ఆగిపోయి నా ముఖంలోకి చూసేవారు. గుణింతం వల్లెవేయగలరు గాని గుణింతపు గుర్తు పదంలో కనిపిస్తే పోల్చుకోలేరు. ఆ పిల్లలలో మందబుద్ధులు ఎవ్వరూ లేరు. చదవడం అనేది గురువు చెవి దగ్గర జరిగే పని. ప్రతి బిడ్డ చేత పైకి చదివించి, ఎక్కడ తడబడ్డాడో విని, ఆ క్షణంలోనే దిద్దాలి. నల్లబల్ల మీద రాసి "చూచి రాయండి" అని పక్క తరగతికి పోయిన గురువు ఆ తడబాటును వినడు, వినలేడు. ఒకటవ తరగతిలో వినబడని తప్పు ఆరవ తరగతిలో నాకు వినబడేది. తండా పిల్లల సంగతి మరీ దయనీయం. ఇంట్లో లంబాడీ భాష మాట్లాడే బిడ్డకు తెలుగే రెండవ భాష. వానికి రోజుకు 48 నిమిషాలు!

ఇక ప్రభుత్వాలు చేసిన చికిత్స చూడండి. 2022లో "మన ఊరు - మన బడి" అన్నారు. 26,065 పాఠశాలలు, 7,289 కోట్ల రూపాయలు అని ప్రకటించారు. బాగుచేయవలసిన అంశాలు పన్నెండని లెక్కపెట్టారు. మరుగుదొడ్లు, మంచినీళ్ళు, విద్యుత్తు, బల్లలు, రంగులు, మరమ్మతులు, ఆకుపచ్చ రాతబల్లలు, ప్రహరీ, వంటగది, కొత్త గదులు, ఉన్నత పాఠశాలలకు భోజనశాలలు, డిజిటల్ విద్య. అన్నీ అవసరమైనవే, కాదనను. ఆడపిల్లలున్న బడిలో మరుగుదొడ్డి లేకపోవడం ఎంతటి అవమానమో నాకు తెలుసు. కాని ఆ పన్నెండింటిలో గురువు లేడు. ప్రభుత్వం మారాక 2024లో "అమ్మ ఆదర్శ పాఠశాల" కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల చేతికి చిన్న మరమ్మతుల పనులు, యూనిఫారాలు కుట్టే పని ఇచ్చారు. నాకు సంతోషమే. ఇక్కడా పదమూడవ అంశం ఊసు లేదు.

తెలుగు పండితుణ్ణి కనుక ఆంగ్లమాధ్యమాన్ని తిట్టిపోస్తానని ఎదురుచూస్తున్న మిత్రులకు నిరాశే. బోధన వీలైనంత వరకు మాతృభాషలో ఉండాలని విద్యాహక్కు చట్టమే చెప్పింది, నా అభిప్రాయమూ అదే. దాని మీద వేరే టపా రాస్తాను. ఇక్కడ అడిగేది ఒక్కటే. 2022-23 నుండి తెలంగాణ సర్కారు బడులలో ఒకటి నుండి ఎనిమిది వరకు ఆంగ్లమాధ్యమం ప్రవేశపెట్టారు. ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉన్న పుస్తకాలు అచ్చువేశారు. మోజే అసలు కారణమైతే పిల్లలు వెల్లువలా తిరిగి రావాలి కదా? కేంద్ర విద్యాశాఖ 2024-25 లెక్కల ప్రకారం ఒక్క విద్యార్థి కూడా లేని పాఠశాలలు తెలంగాణలో 2,245. దేశంలో పశ్చిమ బెంగాల్ తరువాతి స్థానం మనదే. మాధ్యమం మార్చి చూశారు, గోడల రంగు మార్చి చూశారు. గదిలో మనిషి లేని సంగతి మాత్రం మార్చలేదు.

పైగా ఇదొక విషవలయం. పిల్లలు తగ్గారని హేతుబద్ధీకరణ పేరిట గురువును తీసివేస్తారు. గురువు తగ్గాడని మరి నలుగురు బస్సు ఎక్కుతారు. మరుసటి ఏడు మిగిలిన గురువును కూడా కదిలించడానికి అదే కారణమవుతుంది.

"పూర్వం వీధిబడిలో ఒక్క పంతులే ఊరంతటికీ చదువు చెప్పలేదా?" అని ఒక పెద్దమనిషి నన్ను నిలదీశారు. చెప్పాడు. ఆ బడిలో తరగతులు లేవు, ఏటా ముగించవలసిన అయిదు పాఠ్యప్రణాళికలు లేవు. ఎవరి వేగాన్ని బట్టి వారు చదివేవారు, ముదురు విద్యార్థులు చిన్నవారికి దిద్దించేవారు. పద్దెనిమిదవ శతాబ్దం చివరలో మద్రాసులో ఆండ్రూ బెల్ అనే స్కాట్లాండు దేశస్థుడు ఇటువంటి పద్ధతినే నడిపించి ఇంగ్లాండుకు తీసుకుపోయాడు, "మద్రాసు పద్ధతి" అన్న పేరు అందుకే వచ్చింది. ఆ పంతులుకు ఆన్‌లైన్ హాజరు లేదు, మధ్యాహ్న భోజనపు లెక్క లేదు, ఎన్నికల విధి లేదు. అతని బడిని తెచ్చి ఈనాటి బడికి కొలబద్ద చేయడం న్యాయం కాదు.

పంతుళ్ళను నిందించేవారికి ఒక మాట. పని ఎగవేసేవారు మాలోనూ ఉన్నారు, అది దాచిపెట్టను. తమ పిల్లలను ప్రైవేటు బడిలో వేసి ఊరివారికి సర్కారు బడి గొప్పతనం చెప్పేవారూ ఉన్నారు. వారి పట్ల నాకు దయ లేదు. కాని 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ఎస్జీటీలనే పంపి, ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూట బడులుగా మార్చింది ఎవరు? జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనికీ ఉపాధ్యాయులను వాడరాదని చట్టంలోని 27వ సెక్షన్ చెబుతున్నది. ఆ సర్వే మంచిదే కావచ్చు. ఆ పూటలు పోగొట్టుకున్నది ఒకటవ తరగతి పిల్లలు.

పొరుగున ఆంధ్రప్రదేశ్ 2025లో "ఆదర్శ ప్రాథమిక పాఠశాల"లని తరగతికొక ఉపాధ్యాయుణ్ణి నియమించే పద్ధతి తెచ్చింది. సూత్రం సరైనదే. అయితే ఆ భాగ్యం పిల్లల సంఖ్య ఉన్న బడులకే. 2024-25లో ఏకోపాధ్యాయ పాఠశాలలు దేశంలో అందరికంటే ఎక్కువ, 12,912, ఉన్న రాష్ట్రం కూడా అదే. చిన్న బడులు మూసి పెద్ద బడిలో కలపండి, తరగతికొక గురువు తానే దొరుకుతాడు అనే ఉపాయం మన దగ్గరా వినవస్తున్నది. ఆరేళ్ళ తండా బిడ్డను మూడు కిలోమీటర్లు నడిపించే ఉపాయం అది. బస్సు పెడతామంటారా? ఆ బస్సు ఎలాగూ వస్తున్నది, పసుపుపచ్చగా.

బడి పోతే ఏమి పోతుందో పట్నాలలో ఉన్న మిత్రులకు గుర్తుచేయాలి. మధ్యాహ్నం ఒకే వరుసలో కూర్చుని ఒకే అన్నం తినడం 2001లో సుప్రీంకోర్టు ఆదేశంతో వచ్చింది, 2003 నుండి ఉమ్మడి రాష్ట్రంలో అమలైంది. ఏ వాడ పిల్ల ఏ వాడ పిల్ల పక్కన కూర్చున్నదో అక్కడ ఎవరూ అడగరు. దసరా సెలవులకు ముందు తంగేడు, గునుగు పూలు తెచ్చి బడి ఆవరణలోనే బతుకమ్మ పేర్చుకుంటారు. ఇప్పుడు ఆ వరుసలో కలిగినవారి బిడ్డ లేడు. మాట చెల్లే తండ్రి బిడ్డ బస్సెక్కినాక బడి కోసం గొంతెత్తేవారు మిగలలేదు. ఆగస్టు పదిహేనున జెండా దగ్గరికి వచ్చి ఉపన్యసించే పెద్దలలో ఎందరి మనుమలు ఆ ఆవరణలో నిలబడి ఉన్నారో లెక్కపెట్టండి. నేను ప్రతి ఏడూ లెక్కపెడుతున్నాను.

ఇదే జిల్లా దేవరకొండలో 1931లో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. నిజాం పాలనలో తెలుగులో చదువు కోసం పోరాడినవారి సభ అది.

పాఠశాల యాజమాన్య కమిటీలో సగం మంది సభ్యులు స్త్రీలే ఉండాలని చట్టం. సమావేశంలో రంగుల బిల్లు, సున్నం బిల్లు మీద సంతకాలు పెట్టించుకుంటారు. ఈసారి సంతకం పెట్టే ముందు ఆ తల్లులు ఒక తీర్మానం రాయించాలి: పిల్లలు ఎందరున్నా సరే, ఒకటవ, రెండవ తరగతులకు మరో తరగతితో పంచుకోని ఒక ఉపాధ్యాయుడు కావాలి. నకలు మండల విద్యాధికారికి ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవాలి. తిరుమలగిరి చుట్టుపక్కల ఏ ఊరివారు అడిగినా ఆ తీర్మానం నేను రాసి పెడతాను. మీ ఊళ్ళలో రాయించగలవారు ఉంటే కింద వ్యాఖ్యలో ఊరి పేరు చెప్పండి.