కాలు విరిగితే రైతుబీమా రాదా?

నాగోలు దగ్గర మూసీ ఒడ్డున పశువుల గడ్డి పెంచి అమ్ముకునేవాళ్లం మేము. మోపు నెత్తిన పెట్టుకుని తడి గట్టు మీద జారి, మాలో ఎవరో ఒకరు కాలు విరగ్గొట్టుకోని ఏడాది లేదు. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే పసుపు అద్దేవాళ్లం, కిరసనాయిలు పోసేవాళ్లం. తప్పే చేశాం.

ఇలాంటి గాయాలపై మన దేశంతో సహా ఐదు దేశాల్లో సుమారు 2,500 మందిని పరిశీలించి, 2015లో ఫలితాలు ప్రకటించారు. ఆపరేషన్ గదిలో గాయాన్ని సబ్బు ద్రావణంతో కడిగినవారికి, ఉత్త సెలైన్‌తో కడిగినవారికన్నా మళ్లీ ఆపరేషన్లు ఎక్కువ అవసరమయ్యాయి. నీటిని గట్టిగా చిమ్మే యంత్రంతోనూ అదనపు లాభం కనబడలేదు. ఖరీదైనదే మంచి వైద్యమని మనల్ని నమ్మించేవాళ్లకు ఇది చెప్పాలి.

పుత్తూరు కట్టును మేము తీసిపారేయం. కానీ ఎముక బయటపడితే కట్టు దగ్గరికి పోవద్దు. శుభ్రమైన బట్ట కప్పి, కాలు కదపకుండా 108కి ఫోన్ చేయండి.

ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిందే అనుకుందాం. మోకాలి కింది పెద్ద ఎముక అతకడానికి నాలుగైదు నెలలు పడుతుంది. అప్పటిదాకా గడ్డి కోసేదెవరు? బర్రెలవాళ్లు వేరే మడి చూసుకుంటారు. 2018లో వచ్చిన రైతుబీమా రైతు చనిపోతే ఇంటివాళ్లకు 5 లక్షలు ఇస్తుంది. కాలు విరిగి మంచాన పడితే పైసా ఇవ్వదు. మాలో చాలామంది కౌలుదార్లం, పట్టా లేక ఆ 5 లక్షలకూ నోచుకోం. మంచాన పడ్డ నెలలకు కూలి నష్టం కట్టివ్వాలని, అందులో కౌలురైతునూ చేర్చాలని సంఘం ఈసారి ఇచ్చే వినతిపత్రంలో మొదటి అంశంగా రాయాలి.