చవక ఇయర్‌ఫోన్లు కొనేముందు

మైకు ఉన్న చవక ఇయర్‌ఫోన్లు కొనవచ్చా అని వార్డులో చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. కొనవచ్చు. అయితే ఎంత గట్టిగా మోగుతుందో కాక, తక్కువ సౌండులో మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుందో చూడాలని మా అభిప్రాయం. రబ్బరు తొడుగు చెవిలో సరిగ్గా అమరితే బయటి రొద తగ్గి, సౌండు పెంచే పని ఉండదు. షాపులోనే ఒకరికి ఫోను చేసి, మీరు మామూలుగా మాట్లాడితే వినిపిస్తోందా అని అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. లోపలి చెవిలో దెబ్బతిన్న వినికిడి కణాలు మళ్ళీ పుట్టవు. ఒకరివి మరొకరు వాడకండి. చెవి కారుతున్నా, చెవిలో హోరు వినిపిస్తున్నా వాటిని పక్కనపెట్టి డాక్టరుగారికి చూపించుకోండి.