ఫిలిప్ జ్దార్ నాదసాధన

ఒకరు పాడిన పాటను, మరొకరు వాయించిన వాద్యమును గ్రామఫోను పళ్లెములపై త్రిప్పి వినిపించువానిని కళాకారుడనవచ్చునా? ఏండ్లతరబడి స్వరసాధన చేసినవారికి ఇది న్యాయమైన ప్రశ్నయే. దీనికి వాదముతో గాక పనితో సమాధానమిచ్చినవారిలో ఫ్రెంచి దేశీయుడు ఫిలిప్ జ్దార్ ఒకడు.

‘హౌస్’ అను నృత్యసంగీతము ఫ్రాన్సున పుట్టినది కాదు. 1980 దశాబ్దపు ఆరంభమున అమెరికాలోని షికాగో నగరమున, ముఖ్యముగా నల్లజాతి యువజనులు చేరు నృత్యశాలలలో అది రూపుదాల్చినది. ‘వేర్‌హౌస్’ అను శాలలో ఫ్రాంకీ నకుల్స్ అను డీజే డిస్కో రికార్డులను ఒకదానితో నొకటి కలిపి, తాళము తెగకుండ రాత్రులు నడిపించెను. ఆ శాల పేరులోని తుదిమాటయే ఈ సంగీతమునకు పేరైనదందురు. నిమిషమునకు సుమారు 120 దెబ్బల సమతాళము దాని వెన్నెముక. చూచుటకు సులభమే, కాని రెండు పళ్లెముల వేగమును చెవితో సరిచూచి, మొదటి పాట ముగియకముందే రెండవదానిని వినువారికి అతుకు తెలియకుండ దింపుట అందరికిని చేతనగు పని కాదు.

జ్దార్ అసలు పేరు ఫిలిప్ సెర్బొనెస్కి. ఆల్ప్స్ పర్వతముల చెంత సవోయ్ ప్రాంతమున 1967లో జన్మించెను. ఆయన ధ్వనిముద్రణశాలలో తొలుత చేసిన పని తేనీరందించుట. దొమినిక్ బ్లాన్-ఫ్రాంకార్ అను ప్రసిద్ధ శబ్దనిపుణుని నీడన ఆయన పని నేర్చెను. ఆ నిపుణుని కుమారుడు యూబేర్, ‘బూమ్‌బాస్’ అను పేర ప్రసిద్ధుడు, జ్దార్‌కు జీవితాంత సహచరుడయ్యెను. ర్యాప్ గాయకుడు ఎం.సి. సొలార్ రికార్డులకు ఇరువురును పనిచేసిరి. బడిలో చెప్పని విద్య అది: ఏ ధ్వని ముందుండవలెను, ఏది వెనుకకు తగ్గవలెను అను వివేకము.

1990 దశాబ్దమున హౌస్ సంగీతము ఆయనను పట్టుకొన్నది. మిత్రుడు ఎత్యెన్ ద క్రెసీతో ‘మోటర్‌బాస్’ అను జంటగా ఏర్పడి 1996లో ‘పాన్‌సోల్’ వెలువరించెను. నాటి ఫ్రెంచివారి ప్రధాన సాధనము వడపోత. పాత పాటలోని చిన్న తునుకను మరల మరల తిరుగునట్లు చేసి, అందలి హెచ్చుస్థాయి ధ్వనులను యంత్రముచే అణచుదురు. అప్పుడది గోడ కావలినుండి వచ్చునట్లు మందముగా వినబడును. అడ్డును కొద్దికొద్దిగా తొలగించినకొలది తలుపు తెరచినట్లగును. ఈ యుక్తిని అనుకరించినవారు మితిమీరి, తుదకు విసుగు పుట్టించిరి. ‘పాన్‌సోల్’ మాత్రము యుక్తిపై గాక, మంద్రధ్వనుల లోతుపై నిలిచినది. బూమ్‌బాస్‌తో కలిసి ‘కాసియస్’ పేర 1999లో వెలువరించిన తొలి సంపుటము ఆయనకు దేశాంతర ఖ్యాతి తెచ్చినది.

అయినను ఆక్షేపించువారి మాటలో సత్యము లేకపోలేదు. తునుక తీయబడిన పాటను తొలుత వాయించినవారి పేర్లు నృత్యశాలలో ఎవరికిని గుర్తుండవు. ఖ్యాతి వచ్చిన పిదప జ్దార్ కూడ ఎక్కువకాలము అట్టి మరుగుననే పనిచేసెను. పారిస్‌లోని మార్టిర్ వీథిలో ‘మోటర్‌బాస్’ పేరనే ధ్వనిముద్రణశాల నెలకొల్పి, ఇతరుల పాటలకు మెరుగు దిద్దెను. మొజార్ట్ పేరులోని మొదటి రెండు మాటలను తన పేరుకు తగిలించుకొని ఫీనిక్స్ బృందము 2009లో వెలువరించిన సంపుటమునకు ఆయన సహనిర్మాత; 2010లో దానికి గ్రామీ బహుమతి లభించినది. అమెరికనులైన బీస్టీ బాయ్స్ 2011లోను, క్యాట్ పవర్ 2012లోను వెలువరించిన సంపుటములకు మిక్సింగ్ ఆయనదే. అట్టి పనికి రికార్డు అట్టపై దక్కునది చిన్న అక్షరముల పంక్తి ఒకటి.

2019 జూన్ 19న పారిస్‌లో ఒక భవనము కిటికీనుండి ప్రమాదవశమున జారిపడి ఆయన మరణించెను. కాసియస్ తుది సంపుటము ‘డ్రీమ్స్’ అప్పటికే సిద్ధమై యుండెను. రెండు దినముల పిదప, జూన్ 21న, 1982 నుండి ఫ్రాన్సు దేశము వీథివీథిన సంగీతోత్సవము జరుపుకొను నాడే, అది వెలువడినది.