గుంత ఎక్కడుందో చెప్పగలరా?

ఆరాంఘర్ చౌరస్తా దగ్గర రోడ్డు మీద ఓ గుంత పడిందనుకోండి. పూడ్చాలంటే ముందు అదెక్కడుందో చెప్పాలి. ఇదేం బ్రహ్మవిద్య? సెల్‌ఫోన్ తీసి మ్యాపు మీద గుర్తు పెడితే చాలదా? చాలదు. అక్కడున్నది ఒక్క రోడ్డు కాదు మరి!

మెహదీపట్నం నుంచి వచ్చే పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో మొదలైంది. పదకొండు కిలోమీటర్లకు పైగా స్తంభాల మీదే నడిచి ఆరాంఘర్ దగ్గర నేలకు దిగుతుంది. దాని కిందే పాత రోడ్డు. జూపార్కు వైపు 2025 జనవరిలో మరో ఫ్లైఓవర్ వచ్చింది. ఇటు శంషాబాద్ దారి 44వ నంబరు జాతీయ రహదారి. వంతెన పైన పడ్డ గుంతకూ, సరిగ్గా దాని కింద పడ్డ గుంతకూ అక్షాంశం, రేఖాంశం ఒక్కటే. మ్యాపు మీద చుక్కా ఒక్కటే. బాగుచేయాల్సిన వాళ్లు మాత్రం వేరు కావచ్చు. ఎక్స్‌ప్రెస్‌వే కట్టింది హెచ్‌ఎండీఏ, జూపార్కు ఫ్లైఓవర్ కట్టింది జీహెచ్‌ఎంసీ, జాతీయ రహదారులు చూసేది మరో సంస్థ. చుక్క పెట్టినంత మాత్రాన ఫిర్యాదు సరైన చోటికి చేరుతుందన్న నమ్మకం లేదు.

రాయి లెక్క, ఉపగ్రహం లెక్క

రోడ్డు ఇంజినీర్లకు తరతరాలుగా తెలిసిన చిరునామా కిలోమీటరు రాయి. జాతీయ రహదారైతే పసుపు, తెలుపు. రాష్ట్ర రహదారైతే ఆకుపచ్చ, తెలుపు. ‘ఫలానా రాయి దాటాక 300 మీటర్లు, ఎడమ పక్క’ అంటే పనివాళ్లు నేరుగా అక్కడికే పోతారు. రోడ్డు వెంట కొలిచే ఈ దూరాన్నే చైనేజీ అంటారు. ఉపగ్రహానికి ఈ భాష రాదు. దానికి తెలిసింది అక్షాంశం, రేఖాంశమే. ఈ రెంటినీ కలిపి, ఏ చుక్క ఏ రోడ్డు మీద ఎన్నో మీటరో తేల్చడమే అసలు పని.

అందులో చిక్కులున్నాయి. బెంగళూరు వెళ్లే ఈ దారి ఒకప్పుడు వారణాసి నుంచి కన్యాకుమారికి పోయే 7వ నంబరు రహదారి. 2010లో నంబర్లు మార్చారు. ఇప్పుడది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు రహదారిలో భాగం. నంబరు మారినా, ఓ మలుపును సరిచేసినా, బైపాస్ వేసినా దూరాల లెక్క మారిపోతుంది. ఏ కల్వర్టుకు ఎప్పుడు మరమ్మతు చేశారో రాసిన పాత రికార్డును కొత్త లెక్కతో జత చేయకపోతే ఆ రికార్డు ఉన్నా లేనట్టే.

ఎవరికి ఏ బొమ్మ?

2005లో ఇస్రో పంపిన కార్టోశాట్-1 రెండున్నర మీటర్ల వస్తువును గుర్తించగలిగేది. రోడ్డు ఎటు పోతోందో, పక్కన ఇళ్లెంత పెరిగాయో చూడటానికి అది చాలు. అరంగుళం లోతు గాడిని చూడటానికి చాలదు. దానికి లేజర్లు, కెమెరాలు బిగించిన సర్వే వాహనం రోడ్డెక్కాల్సిందే. మరి ఆ వాహనం రోడ్డునే చూస్తుంది కానీ రోడ్డు పక్క చెరువును చూడదు.

ఆ తేడా ఎంత ప్రమాదమో 2020 అక్టోబరు 13 రాత్రి తెలిసింది. కుండపోత వానకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు నీరు రహదారి మీదికి ఉరికింది. వాహనాలు కొట్టుకుపోయాయి. ప్రాణాలు పోయాయి. రోడ్డు దెబ్బతిని రాకపోకలు ఆగాయి. ఆరాంఘర్ నుంచి శంషాబాద్ వెళ్లేవారికి రోజూ కనిపించే చోటే అది. తారు ఎంత నున్నగా ఉన్నా ఆ రాత్రి చేయగలిగిందేమీ లేదు. అక్కడ కావాల్సిన సమాచారం వేరు: చెరువు కట్ట ఎలా ఉంది, అలుగు ఎటు పారుతుంది, నాలా ఎక్కడ మూసుకుపోయింది, కింద తూము ఆ నీటిని మోయగలదా? ఇవి ఒక్కోటీ ఒక్కో శాఖ దగ్గర ఉంటాయి. అన్నీ ఒకే మ్యాపు మీద, ఒకే లెక్కలో కనిపించినప్పుడే ఇంజినీరుకు ముందే అనుమానం వస్తుంది.

విచిత్రమేమిటంటే, ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునే కేంద్రం ఇదే దారిలో షాద్‌నగర్ దగ్గరుంది. దూరసంవేదన సంస్థ కార్యాలయం బాలానగర్‌లో ఉంది. బొమ్మలకు కొదవ లేదు. ఎవరికి ఏది కావాలో అడిగి, దానికి తగినట్టు అందించడమే మిగిలింది.

ఈలోగా ప్రయాణికులు చేయగలిగిన సాయమూ ఉంది. జాతీయ రహదారి మీద ఇబ్బంది ఎదురైతే 1033కి ఫోన్ చేయొచ్చు. అప్పుడు ‘ఆరాంఘర్ దగ్గర’ అని వదిలేయకండి. దగ్గర్లోని కిలోమీటరు రాయి, ఏ వైపు వెళ్లే దారి, వంతెన పైనా కిందా, మెయిన్ రోడ్డా సర్వీసు రోడ్డా... ఈ నాలుగు ముక్కలూ చెప్పండి. మ్యాపు చెప్పలేనిదేదో మీ మాట చెబుతుంది.