ఊకను ఊరకే పోనీయకుడు



సోమశిల నీటితో ఆత్మకూరు ప్రాంతమున పండిన ధాన్యమును మర పట్టించునపుడు బియ్యమునకు లెక్క చూచుకొందురు. తవుడునకును కొందరు చూచుకొందురు. ఊకను మాత్రము చాలమంది అడుగనే అడుగరు. అది మిల్లు బాయిలరులోనో ఇటుకబట్టీలోనో కాలి బూడిదగుచున్నది. ఈ అలవాటు మారవలెనని నా అభిప్రాయము.

వరిపైరు నేలనుండి సిలికాను పీల్చి ఊకలో దాచుకొనును. మన జిల్లా పుట్టికి, అనగా 850 కిలోల ధాన్యమునకు, సుమారు 170 కిలోల ఊక వచ్చును. దానిని కాల్చిన 30 కిలోలకు అటు ఇటుగా బూడిద మిగులును. అందులో అధికభాగము సిలికాయే. సిలికానుండి ప్రాణవాయువును తొలగించినచో సిలికాన్ వచ్చును.

దీనితో పని ఏమందురా? సెల్‌ఫోనులోను, విద్యుత్ స్కూటరులోను ఉండు లిథియం బ్యాటరీలో ఆనోడు అను భాగము గాదె వంటిది. చార్జి చేయునపుడు లిథియం వచ్చి అందులో నిలువయగును. నేడు ఆ గాదెను ఎక్కువగా గ్రాఫైటుతో చేయుచున్నారు. అంతే బరువు సిలికాన్ సుమారు తొమ్మిది రెట్లు ఎక్కువ చార్జి పట్టును. కాని నిండినపుడు అది మూడు నాలుగింతలుగా ఉబ్బును, ఖాళీయైనపుడు కుంగును. రేగడినేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారునట్లు అదియు పగిలిపోవును. అందుచేతనే ఇప్పటికి గ్రాఫైటులో కొద్దిగా కలిపి వాడుచున్నారు.

రేణువులు అతి సూక్ష్మమైనచో ఈ పగులు తగ్గును. ఊకలోని సిలికాకు ఆ సూక్ష్మత పుట్టుకతోనే ఉన్నది. 2013లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులును, దక్షిణ కొరియా శాస్త్రజ్ఞులును ఊకనుండి సిలికాన్ తీసి ఆనోడులు చేసి చూపిరి. ఊకను ఆమ్లముతో కడిగి, మితమైన వేడిలో కాల్చి, వచ్చిన సిలికాను మెగ్నీషియముతో వేడిచేయుట ఒక పద్ధతి.

మిల్లు బూడిద దీనికి నేరుగా పనికిరాదు. మితిమీరిన వేడికి సిలికా స్ఫటికమై గట్టిపడును. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. కనుక బ్యాటరీల పేరుచెప్పి బూడిద కొందుమని, ముందుగా సొమ్ము కట్టుమని వచ్చువారిని నమ్మకుడు.

కల్లములోనే ధాన్యము అమ్మువారికి ఊకపై బేరము లేదు. ఉదయగిరి మెట్టలో వరి తక్కువ గనుక అక్కడివారికిని ఈ మాట అంతగా పట్టదు. సంఘముగా మర పట్టించి బియ్యము అమ్మువారు మాత్రము ఒప్పందములో ఊక ఎవరిదో, దాని ధర ఎంతో విడిగా వ్రాయించుకొనవలెను. కర్మాగారములు వచ్చిన పిదప అడిగిన, ఇంతకాలము ఊరకే ఇచ్చితిరిగదా యందురు. గ్రామాధికారులు బూడిదను చెరువుగట్లపైన, బాటల ప్రక్కన పోయనీయరాదు. రాబోవు పంట మరకు పోకమునుపే ఈ సంగతి సంఘ సమావేశములో ఎత్తుడు.