ఎగువ, దిగువ: నదీపదములు శాస్త్రపదములగు తీరు

కోల్‌కతలోని ఖిదిర్‌పూర్ రేవునొద్ద హుగ్లీనది దినమునకు రెండు పర్యాయములు వెనుకకు నడచును. పోటువేళ నీరు సముద్రము వైపునుండి నగరమునకు ఎక్కివచ్చును, పాటువేళ మరలిపోవును. అయినను 1975లో ప్రారంభమైన ఫరక్కా ఆనకట్ట ఏవేళనైనను ఈ రేవునకు ఎగువనే. డైమండ్ హార్బరు దిగువనే. ఈ మాటలు క్షణక్షణము మారు నీటినడకను విడిచి, నది యొక్క మార్గమును పట్టుకొన్నవి. సామాన్యపదము శాస్త్రపదమగుటకు ఇదియే తొలిమెట్టని నా అభిప్రాయము.

వంగభాషలో ఎగువను ఉజాన్ అనియు, దిగువను భాటి అనియు అందురు. భాటికి సముద్రపు పాటుతో సంబంధము కలదు. మొగలాయీల కాలమున అది తూర్పువంగదేశపు పల్లపుసీమకు పేరైనది. మన పదములు నీటినుండి పుట్టినవి కావు. ఎగు, దిగు ధాతువులు మొదట ఎక్కుటను, దిగుటను తెలుపునవి. ఎగువ అహోబిలము, దిగువ అహోబిలము అనుచోట ఎత్తుపల్లములే గాని నదితో పనిలేదు. ఓడలోనికి సరకు ఎక్కించుట ఎగుమతి, ఓడనుండి దించుట దిగుమతి. 1892లో తెరచిన ఖిదిర్‌పూర్ డాకులో కంటికి కనబడు ఆ పనులే నేడు దేశదేశముల వాణిజ్యమునకు పారిభాషికములైనవి.

నదికి వచ్చిన పిదప ఈ పదములు సాపేక్షములైనవి. కృష్ణాజలములను గూర్చి 1973లో బచావత్ న్యాయమండలి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 టి.ఎం.సి.లు కేటాయించినపుడు తెలంగాణము దిగువ రాష్ట్రములోని భాగము. 2014 తరువాత అదే భూమి కర్ణాటకకు దిగువ, ఆంధ్రప్రదేశమునకు ఎగువ. భూమి కదలలేదు; సంబంధము మారినది.

ఇతర శాస్త్రములు గ్రహించినది ఈ సంబంధమునే. చమురు పరిశ్రమలో నిక్షేపములను వెదకి వెలికితీయుట ఎగువ పని. శుద్ధిచేసి విక్రయించుట దిగువ పని. జన్యుశాస్త్రమున జన్యువును చదువు దిశయే ప్రవాహము. డి.ఎన్.ఏ. యొక్క రెండు పోగులలో ఆ దిశ పరస్పర విరుద్ధము గనుక, ఒక పోగుపై చదువబడు జన్యువునకు ఎగువయైన వైపు రెండవ పోగుపై చదువబడు జన్యువునకు దిగువయగును.

చిక్కు వేరొకచోట నున్నది. ఎగువ సభ, దిగువ న్యాయస్థానము అనునపుడు ఇవే మాటలు అంతస్తును సూచించును. స్వరాష్ట్రమునకు వెలుపల తెలుగు బోధించు నాకు, ‘దిగువ’ యనగానే ‘తక్కువ’ యని అర్థము చెప్పు విద్యార్థులు అపరిచితులు కారు. ఈ భయముచేతనే కొందరు అనువాదకులు ఆంగ్లపదమును తెలుగులిపిలో వ్రాసి ఊరకుందురు. అది పరిష్కారము కాదు, పలాయనము.

పరిష్కారము మన వ్యాకరణముననే కలదు. ప్రవాహార్థమున ఈ పదములు షష్ఠిని కోరును: సాగరమునకు ఎగువ, తూమునకు దిగువ. అంతస్తును తెలుపునపుడు షష్ఠి యక్కరలేదు. ‘ఎగువ సభ’ యన్న చాలును. ‘ఎగువ రాష్ట్రము’ అనుచోట మాత్రము, దేనికి ఎగువయో అధ్యాహార్యము. కావున శాస్త్రగ్రంథకర్తలు రెండు నియమములు పాటింపవలెను. ప్రవహించునదేమో మొదట చెప్పవలెను. దేనికి ఎగువయో ప్రతిచోటను షష్ఠితో తెలుపవలెను.

కాలువగట్టున నిలిచి ‘మా తూముకు ఎగువ’ అను రైతు ఈ రెండవ నియమమును ఏనాడును తప్పలేదు. మొదటిది ఆతడు చెప్పనక్కరలేదు. కాలువ కన్నులయెదుటనే యున్నది. పుస్తకమున కాలువ కనబడదు గనుక, దానిని చూపు భారము గ్రంథకర్తది.