రిజిస్టరు బయట మేం

భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరపు ఇసుకలో మోనజైట్ ఉంది. అందులో థోరియం ఉంది. దేశానికి అది అణుసంపద! మరి ఆ ఇసుక తవ్వేదీ, లారీలకెత్తేదీ ఎవరు? పేటల కూలీలం, జాలరి బిడ్డలం. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్లో తిష్ఠవేసి ఏళ్ల తరబడి లోలోపలే కిరణాలు చిమ్ముతుంది.

రేడియేషన్ కార్మికుడికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, మామూలు జనానికి 1. ఇదీ అణుశక్తి నియంత్రణ మండలి గీసిన గీత. లోడింగు కూలీ ఏ గీత కింద? కార్మికుడంటే డోసు కొలిచే బ్యాడ్జీ ఏది? జనమంటే ఆ దుమ్ములోకి ఎందుకు దించారు?

'వాళ్లు కాంట్రాక్టరు మనుషులు' అని తప్పించుకుంటే కుదరదు. 2004 రేడియేషన్ రక్షణ నియమాల్లో తాత్కాలికంగా పనిచేసేవాడూ కార్మికుడే. ఊరి బయట ఉంచినట్టే రిజిస్టరు బయటా ఉంచుతారా? మేం జాలి అడగడం లేదు. మాస్కు, బ్యాడ్జీ, డోసు లెక్క మా చేతికియ్యండి. లేదంటే లారీ కదలదు!